గోడలో దాచే స్పీకర్ వైరు: 1.5 చాలా, 2.5 వేయాలా?

ప్రశ్న: కాకినాడలో సొంత ఇల్లు కట్టుకుంటున్నామండి. హాలు 22 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు. ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌ఊఫర్ ఉండే 5.1 హోమ్ థియేటర్ పెట్టుకుందామని రిసీవర్, స్పీకర్లు అన్నీ కలిపి లక్షా పదివేలకు మాట్లాడుకున్నాం. స్పీకర్ల వెనక 6 ఓమ్‌లు అని రాసి ఉంది. వచ్చే వారం ప్లాస్టరింగ్ మొదలవుతుంది, వైర్లు ఈలోపే గోడలో వేసేయాలి. హైదరాబాద్‌లో షోరూమ్ అతను మీటరు 1,800 రూపాయల వైరు వేస్తేనే ఈ స్పీకర్లకు న్యాయం జరుగుతుందన్నాడు. మా ఎలక్ట్రీషియన్ ఏమో ఇంటి వైరింగులో మిగిలిన 1.5 వైరు ఉంది, అదే లాగేస్తా, రూపాయి ఖర్చు లేదు అంటున్నాడు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది 12 గేజ్ తప్ప ఇంకేదీ వేయొద్దని, సంక్రాంతికి వచ్చేటప్పుడు వంద అడుగుల చుట్ట తెస్తానని పట్టుబడుతున్నాడు. ముగ్గురూ మూడు రకాలుగా చెబుతుంటే టెన్షన్‌గా ఉంది. హాలు బొమ్మ గీసి పంపుతున్నాను. ఏది వేయమంటారు?
- ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: ముందు జవాబు చెప్పేస్తాను, ప్లాస్టరింగ్ మేస్త్రీ ఆగడు కదా. టీవీ వైపు ఉండే స్పీకర్లకు 1.5 స్క్వేర్ ఎంఎం, వెనక వైపు ఉండే రెండింటికీ 2.5 స్క్వేర్ ఎంఎం, రెండూ అసలైన రాగి, ఐఎస్ఐ మార్కు ఉన్న ఏ మంచి కంపెనీదైనా సరే. ముగ్గురిలో నిజానికి దగ్గరగా ఉన్నది మీ ఎలక్ట్రీషియనే. కాకపోతే వెనక స్పీకర్ల దగ్గర అతని లెక్క కొద్దిగా తప్పింది, అది ఎందుకో చెబుతాను. ఇంకో మాట కూడా ఉంది. మీరు వైరు గురించి మూడు రకాల సలహాలు తీసుకున్నారు గానీ గోడలో వేసే పైపు గురించి ఒక్కరినీ అడిగినట్టు లేరు. వైరు నచ్చకపోతే రెండేళ్ల తర్వాతైనా మార్చుకోవచ్చు, పైపు మాత్రం ప్లాస్టరింగ్ అయ్యాక మార్చలేరు. కాబట్టి ఈ వారం రోజులూ మీ బుర్ర ఎక్కువగా పైపు మీద పెట్టండి. దాని సంగతి కాసేపట్లో.

వైరు చేసే పని చాలా చిన్నదండీ. రిసీవర్ అంటే స్పీకర్లను పాడించే ఆంప్లిఫయర్ పెట్టె, దాని నుంచి వచ్చే కరెంటును స్పీకర్ దాకా మోసుకెళ్లి వెనక్కి తేవడం, అంతే. దానికి అడ్డుపడేది ప్రధానంగా వైరులో ఉండే రెసిస్టెన్స్. వైరు సన్నబడే కొద్దీ, పొడవు పెరిగే కొద్దీ అది పెరుగుతుంది. మీ గోదావరి జిల్లాల వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, కాలువ ఎంత సన్నగా, ఎంత దూరం పోతే చివరి ఆయకట్టుకు నీళ్లు అంత తగ్గుతాయి. ఇక్కడ లోకమంతా వాడే లెక్క ఒకటుంది: వైరు మొత్తం రెసిస్టెన్స్ స్పీకర్ మీద రాసి ఉన్న ఓమ్‌లలో 5 శాతం దాటకుండా చూసుకోవాలి. అమెరికాలో మెకింటాష్ కంపెనీలో చాలా ఏళ్లు స్పీకర్ల పని చూసిన రోజర్ రసెల్ కూడా వైర్ల మీద వేసిన పట్టికకు ఈ లెక్కనే పట్టుకున్నాడు. మీ స్పీకర్లు 6 ఓమ్‌లు అన్నారు కాబట్టి మీ హద్దు 0.3 ఓమ్.

ఇప్పుడు మీ బొమ్మ తీసుకుందాం. రిసీవర్ టీవీ కింద ఉంటుంది. అక్కడి నుంచి వెనక కుడి స్పీకర్‌కు వైరు వెళ్లాలంటే గోడ మీదుగా పైకి 8 అడుగులు, పక్క గోడ దాకా 6 అడుగులు, హాలు పొడవునా 22 అడుగులు, మళ్లీ స్పీకర్ ఎత్తుకు కిందికి 5 అడుగులు, రెండు చివర్లా వదులుగా ఉంచడానికి ఇంకో 4 అడుగులు. మొత్తం 45 అడుగులు, అంటే దాదాపు 14 మీటర్లు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. వైరు వెళ్లేది 14 మీటర్లే అయినా కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి లెక్కలోకి వచ్చే రాగి 28 మీటర్లు. సన్న పోగుల 1.5 వైరుకు స్టాండర్డ్ ఒప్పుకునే రెసిస్టెన్స్ కిలోమీటరుకు 13.3 ఓమ్‌లు, 2.5 వైరుకు 7.98. కాగితం మీద గుణించి చూడండి: 28 మీటర్ల 1.5 వైరుకు 0.37 ఓమ్ వస్తుంది, హద్దు దాటింది. అదే 2.5 అయితే 0.22, హాయిగా లోపలే ఉంది. ముందు స్పీకర్లకు 4 మీటర్ల దూరమే, అంటే రానూపోనూ 8 మీటర్లు, 1.5 వైరుతోనే 0.11 ఓమ్. అక్కడ 2.5 వేసినా తప్పు లేదు గానీ చెవికి తెలిసేదేమీ ఉండదు.

హద్దు దాటితే ఏం కొంప మునుగుతుంది అంటారా, ఏమీ మునగదు. 0.37 ఓమ్ వల్ల వెనక స్పీకర్ సౌండ్ అర డెసిబెల్ తగ్గుతుంది. రిసీవర్‌తో వచ్చే మైకు పెట్టి సెట్టింగ్ చేస్తారు కదా, అది ఆ అర డెసిబెల్‌ను దానంతటదే సరిచేసేస్తుంది. మరి ఎందుకు పట్టించుకోవాలంటే, స్పీకర్ ఓమ్‌లు అన్ని శ్రుతుల దగ్గరా ఒకేలా ఉండవు. 6 అని రాసి ఉన్నది ఒకచోట 5కు దిగుతుంది, ఇంకోచోట 25కు ఎక్కుతుంది. వైరులో రెసిస్టెన్స్ ఎక్కువైతే దిగినచోట ఎక్కువ నష్టం, ఎక్కినచోట తక్కువ నష్టం, దాంతో పాట రంగు కొంచెం మారుతుంది. మీ లెక్కలో ఆ తేడా కూడా అతి స్వల్పమే. కానీ గోడలో ఒకసారి వేసి ఇరవై ఏళ్లు మర్చిపోయే వస్తువు, రేపు 4 ఓమ్‌ల స్పీకర్లు కొనుక్కుంటారేమో కూడా తెలియదు, అందుకని అక్కడ 2.5 వేసేయమంటున్నాను. అంతకు మించి దానికి పవిత్రత ఏమీ లేదు.

షోరూమ్ అతని సంగతి. మీకు కావలసింది వెనక్కి 28 మీటర్లు, ముందుకు దాదాపు 10 మీటర్లు, మొత్తం 38 మీటర్ల జంట వైరు. మీటరు 1,800 చొప్పున 68,400 రూపాయలు! లక్షా పదివేల సామానుకు అరవై ఎనిమిది వేల తీగ. ఇది గుర్రం కంటే దాణా గంప ఖరీదు ఎక్కువైనట్టు ఉంది. ఆ వైరు చెడ్డదని అనను, రాగి బాగానే ఉంటుంది, తొడుగు పట్టుచీరలా మెరుస్తుంది. కానీ దానిలోంచి వచ్చేది, 2.5 ఇంటి వైరులోంచి వచ్చేది ఒకటే కరెంటు. ఒక్కసారి స్పీకర్ లోపల ఏముంటుందో తలుచుకోండి. కోన్ వెనక వాయిస్ కాయిల్ అని ఉంటుంది, అందులో సన్నటి రాగి తీగ మీటర్ల కొద్దీ చుట్టి ఉంటుంది, మీ 6 ఓమ్‌ల స్పీకర్‌లో ఆ తీగ రెసిస్టెన్సే ఇంచుమించు 5 ఓమ్‌లు. బయట మీరు ఎంత బంగారు తీగ వేసినా చివరికి కరెంటు ఆ సన్న తీగలోంచి పోవలసిందే.

"ఆక్సిజన్ ఫ్రీ కాపర్" అని చెప్పి ఉంటాడు, తప్పకుండా చెప్పి ఉంటాడు. అది అబద్ధం కాదు, అలాంటి రాగి ఉంది. మామూలు కరెంటు వైరులో వాడే రాగి కూడా 99.9 శాతం స్వచ్ఛమైనదే. ఈ రెండింటి మధ్య కరెంటును పారనివ్వడంలో తేడా ఒక శాతం అటూ ఇటూ. అంటే 10 మీటర్ల మామూలు వైరులోంచి ఓ జానెడు కత్తిరించి పారేస్తే ఆ తేడా పూడిపోతుంది. ఎడమ, కుడి వైర్లు రెండూ ఒకే పొడవు ఉండాలని, లేకపోతే ఒక పక్క సౌండ్ ఆలస్యంగా వస్తుందని కూడా కొందరు చెబుతారు. వైరులో సిగ్నల్ సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుందండీ. ఒక వైరు ఇంకోదాని కంటే 10 మీటర్లు ఎక్కువున్నా ఆలస్యం సెకనులో రెండు కోట్లో వంతు. ఆ సమయంలో గాలిలో శబ్దం కదిలే దూరం 0.017 మిల్లీమీటర్లు, వెంట్రుక మందం కూడా కాదు. మీరు సోఫాలో కొంచెం పక్కకి వాలితేనే దానికి వేల రెట్లు తేడా వస్తుంది. పొడవు సమం చేయడానికి మిగిలిన వైరును టీవీ యూనిట్ వెనక చుట్టచుట్టి దాచే పని పెట్టుకోకండి.

మరి షోరూమ్‌లో వైరు మార్చి వినిపించినప్పుడు తేడా తెలిసింది కదా అని మీరు అడగొచ్చు. రెండు పాటల మధ్య వాల్యూమ్ ఒక్క పిసరు పెరిగినా మన చెవి దాన్ని "ఎక్కువ సౌండ్" అనుకోదు, "బాగుంది" అనుకుంటుంది. పైగా వైరు మార్చే రెండు మూడు నిమిషాల్లో ముందు విన్నది ఎలా ఉందో చెవికి సరిగ్గా గుర్తుండదు, పక్కన అతను "ఇప్పుడు వినండి సార్, తబలా ఎలా విడిపోయిందో" అంటుంటే విడిపోయినట్టే ఉంటుంది. అమెరికాలో మాయలు బయటపెట్టే జేమ్స్ రాండీ 2007లో, వేల డాలర్ల వైరుకు మామూలు వైరుకు కళ్లు మూసుకుని తేడా చెప్పగలిగితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ పరీక్ష జరగనే లేదు. అసలు స్పీకర్ వైరు అని విడిగా ఒక వస్తువు ఉందని జనానికి పెద్దగా తెలిసిందే 1970ల చివర్లో మాన్‌స్టర్ కేబుల్ లాంటివి వచ్చాక, అంతకుముందు అమెరికావాళ్లూ టేబుల్ లైటుకు వాడే తీగే స్పీకర్లకు కలుపుకున్నారు. ఆ రోజుల్లో వాళ్లు పాటలు వినలేదా ఏమిటి.

బావమరిది గారి 12 గేజ్ విషయానికొస్తే, ఆయన చెప్పింది తప్పు కాదు, అవసరానికి మించి ఉంది, అంతే. అమెరికా 12 గేజ్ అంటే 3.3 స్క్వేర్ ఎంఎం, మన 2.5కి 4కి మధ్యలో. నిజం రాగి అయితే వంద అడుగుల జంట వైరులో రాగే 1.8 కిలోలు, ప్లాస్టిక్ కలిపితే రెండున్నర కిలోల పైమాటే. 23 కిలోల పెట్టెలో అంత బరువు ఈ తీగకెందుకు, పిల్లలకు ఏమైనా తెమ్మనండి. ఇంకో తిరకాసు, మీకు కావలసింది వెనక స్పీకర్లకే 28 మీటర్లు, అంటే 92 అడుగులు. ఆయన వంద అడుగులు అక్కడికే అయిపోతాయి, ముందు స్పీకర్లకు మళ్లీ కొనాలి.

గేజ్ అనే మాటతో జాగ్రత్త కూడా అవసరం. అమెరికా గేజ్ వేరు, మన పాత షాపుల వాళ్ల నోట్లో నలిగిన ఇంగ్లండ్ ఎస్‌డబ్ల్యూజీ వేరు. అమెరికా 14 గేజ్ తీగ 2.08 స్క్వేర్ ఎంఎం అయితే ఎస్‌డబ్ల్యూజీ 14 తీగ 3.24. నెంబరు ఒకటే, లావు ఒకటిన్నర రెట్లు. కొన్ని ఎలక్ట్రికల్ షాపుల్లో ఇంకా 40/76, 70/76 అని అడిగితేనే వైరు తీస్తారు, అది 0.0076 అంగుళాల పోగులు 40 లేక 70 ఉన్నాయని అర్థం. 40/76 అంటే సుమారు 1.2, 70/76 అంటే సుమారు 2 స్క్వేర్ ఎంఎం. ఈ గొడవంతా లేకుండా కౌంటర్ దగ్గర "స్క్వేర్ ఎంఎం ఎంత?" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటు. "స్పీకర్ వైరు" అని ఎరుపు నలుపు గీతలతోనో, పైకి రాగి మెరిసేలా పారదర్శకంగానో చవగ్గా అమ్మే చుట్టల్లో చాలా వాటిలో ఉండేది రాగి కాదు, పైన రాగి పూత పూసిన అల్యూమినియం. సీసీఏ అని పొట్టిగా రాస్తారు, చాలాసార్లు అసలు రాయరు. కరెంటును పారనివ్వడంలో ఇది రాగిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. అంటే మీరు 2.5 అని డబ్బులిచ్చి 1.5 ఇంటికి తెచ్చుకుంటున్నట్టు. దీని చేతిలో నేనూ మోసపోయాను. చాలా ఏళ్ల కిందట ఒక షాపులో 2.5 అని చెప్పి ఇచ్చిన పారదర్శక వైరు, చేతికి తేలిగ్గా ఉందని అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. బిగించిన ఏడాదిన్నరకు కుడి స్పీకర్ ఉండుండి ఆగిపోవడం, స్పీకర్ మీద ఓ దెబ్బ వేస్తే మళ్లీ పాడటం. ఆంప్లిఫయర్ పోయిందనుకుని మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లి, అక్కడ బ్రహ్మాండంగా పాడుతుంటే వెనక్కి మోసుకొచ్చాను. చివరికి చూస్తే స్క్రూ కింద వైరు వదులైపోయింది. అల్యూమినియం స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా నలిగి అణిగిపోతుంది, పైన తెల్లటి తుప్పులాంటి పొర కడుతుంది, అది కరెంటును పోనివ్వదు. మళ్లీ బిగిద్దామని తొక్క తీసి మెలిపెడితే పోగులు పుటుక్కున చేతిలోకి వచ్చేశాయి.

కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఒక్క పోగు తీసుకుని బ్లేడుతో గీకండి. రాగి అయితే ఎంత గీకినా లోపల కూడా రాగిరంగే, సీసీఏ అయితే తెల్లగా బయటపడుతుంది. లైటర్ మంటలో పట్టుకోండి, రాగి పోగు ఎర్రగా కాలుతుంది గానీ నిలబడుతుంది, రెండోది వాడిపోయి ముద్దకడుతుంది. ఇంటికి తెచ్చాక తూకం వేయండి, వంటింట్లో చిన్న డిజిటల్ త్రాసు ఉంటే చాలు: 10 మీటర్ల 2.5 జంట వైరులో రాగి ఒక్కటే 450 గ్రాములు ఉండాలి, ప్లాస్టిక్ దాని పైన అదనం. మొత్తం కలిపి కూడా 450 తూగకపోతే ఆ చుట్ట తీసుకెళ్లి షాపు వాడి బల్ల మీద పెట్టేయండి. పోగులు బయటకే తెల్లగా ఉండి లోపల రాగిరంగు ఉంటే మాత్రం కంగారు పడకండి, అది తగరం పూసిన రాగి, మీలాంటి సముద్రపు గాలి ఊరికి ఇంకా మంచిది. మల్టీమీటర్ పెట్టి రెసిస్టెన్స్ చూద్దామని కొందరికి సరదా ఉంటుంది. మామూలు మీటరు తీగలకే 0.2, 0.3 ఓమ్‌లు ఉంటాయి, మీరు కొలవాలనుకున్నదీ అంతే, కాబట్టి ఆ అంకె నమ్మకండి.

ఇందుకే మీ ఎలక్ట్రీషియన్‌ను మెచ్చుకుంటున్నాను. ఐఎస్ 694 అని అచ్చు వేసి ఉన్న ఇంటి వైరు అసలు కంపెనీదైతే దానిలో రాగికి ఢోకా ఉండదు, మంట తొందరగా పాకని ఎఫ్ఆర్ తొడుగు కూడా ఉంటుంది, గోడలో వేయడానికి అంతకంటే ఏం కావాలి. అతని దగ్గర మిగిలిన 1.5ను ముందు స్పీకర్లకు వాడేయండి. వెనక వాటికి 2.5 ఎరుపు, నలుపు కొనండి, లేదంటే ఇంటి వైరింగులో ఏసీ పాయింట్లకు వేసిన దాంట్లో మిగిలిందేమో అడగండి. 90 మీటర్ల కాయిల్ తెచ్చి ఉంటే ఒక్కో రంగులో 28 మీటర్లు మిగలడం వింతేమీ కాదు. ఒంటి వైర్లు రెండూ దూరదూరంగా పోకుండా మెలిపెట్టాలి. ఎర్రదీ నల్లదీ ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస డ్రిల్లింగ్ మెషిన్‌లో బిగించి నెమ్మదిగా తిప్పితే రెండు నిమిషాల పని, మా వీధి పిల్లలు దీన్ని చూడ్డానికే గుమిగూడేవారు. మెలిపెడితే పొడవు కొంచెం తగ్గుతుంది, కోసేటప్పుడు ఓ మీటరు ఎక్కువ ఉంచుకోండి. పారదర్శక వైరు మాత్రం కాకినాడలో వద్దు. ఆ తొడుగులో రాగి కొన్నేళ్లకు ఆకుపచ్చగా మారుతుంది, పని చేస్తూనే ఉంటుంది గానీ చూస్తే మనసొప్పదు.

ఇక పైపు. 25 ఎంఎం పైపు వేయించండి, 20 ఎంఎం చాల్లే అంటాడు మీ ఎలక్ట్రీషియన్, ఒప్పుకోకండి. ఒంటి వైర్ల తొడుగు మందంగా ఉంటుంది, రేపు రెండు స్పీకర్లు పెంచి 7.1 చేద్దామనుకుంటే ఇంకో జంట దూరాలి. స్లాబ్ అయిపోయింది కాబట్టి గోడ పైభాగంలో గాడి కొట్టిస్తారు, ఆ కొట్టుడులో పిల్లర్లు, బీములు జోలికి పోనివ్వకండి. మలుపుల దగ్గర ఎల్బోలు కాకుండా గుండ్రంగా తిరిగే బెండ్లు వాడమనండి, ఎల్బోలో వైరు లాగితే అక్కడే ఇరుక్కుంటుంది. పైపులో ఒక నైలాన్ తాడు వదిలేయమనండి, రెండు కొసలూ బాక్సుల్లో ముడివేసి. పదేళ్ల తర్వాత ఆ తాడు మిమ్మల్ని కాపాడుతుంది. పైపు మధ్యలో వైరు జాయింటు ఒక్కటి కూడా ఉండకూడదు, చాలకపోతే మొత్తం మార్చి లాగాలి గానీ అతుకు వేసి టేపు చుట్టడం కుదరదు.

కరెంటు పైపులో స్పీకర్ వైరు కలపనే కలపొద్దు. హమ్, అంటే గుయ్‌మనే మోత వస్తుందని చెబుతారు, స్పీకర్ వైరులో హమ్ రావడం నిజానికి అరుదు, అసలు భయం అది కాదు. ఎక్కడైనా తొడుగు ఒరుసుకుపోయి 230 వోల్టులు స్పీకర్ తీగలోకి వస్తే రిసీవర్ పోవడం అటుంచి, స్పీకర్ వెనక చేయి పెట్టిన మనిషికి షాక్ కొడుతుంది. విడి పైపు, వీలైతే కరెంటు పైపుకు ఓ అడుగు దూరం, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. ఇంకొక అలవాటు నేను రెండు ఇళ్లలో చూశాను. స్పీకర్ పాయింటు చక్కగా కనబడాలని అక్కడ మామూలు టూ పిన్ సాకెట్ బిగించేస్తారు, స్పీకర్ వైరుకు టూ పిన్ ప్లగ్గు. ఏదో ఒక పండగనాడు ఇంటికొచ్చిన చుట్టాల పిల్లాడు ఆ ప్లగ్గు పీకి పక్కనున్న కరెంటు సాకెట్‌లో పెడతాడు, స్పీకర్ అక్కడితో సరి. బాక్సు మీద రంధ్రం ఉన్న ప్లేటు బిగించి, వైరు కొస మూడడుగులు బయటికి వదలండి, నేరుగా స్పీకర్‌కు వెళ్లిపోతుంది. చూడ్డానికి మోటుగా ఉంటుంది, మా ఇంట్లోనూ అలాగే ఉంది, ముందు స్పీకర్ నిలబడుతుంది కాబట్టి ఎవరికీ కనబడదు.

బిగించేటప్పుడు ఎక్కువ సమయం రిసీవర్ వెనక గడపండి. తొక్క ఒక సెంటీమీటరు తీస్తే చాలు, పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి రంధ్రంలో దూర్చాలి, ఒక్క పోగు బయటికి లేచి పక్క టెర్మినల్‌ను తాకినా షార్ట్ అయి రిసీవర్ ఆగిపోతుంది, పాత ఆంప్లిఫయర్లయితే ట్రాన్సిస్టర్లే కాలిపోయేవి. ఈ భయం లేకుండా ఉండాలంటే 4 ఎంఎం బనానా ప్లగ్గులు వేసుకోండి, వైరుకు ప్లగ్గు ఒకసారి బిగిస్తే తర్వాత తీయడం పెట్టడం సులువు. బంగారు పూత ఉన్నవే దొరుకుతాయి, ఖరీదైనవి అక్కర్లేదు, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఆ పూత మీకు పనికొస్తుంది. స్పీకర్ వెనక నొక్కి వదిలే క్లిప్పులుంటే 2.5 వైరు అందులో పట్టకపోవచ్చు, అలాంటప్పుడు చివర పిన్ లగ్గు నొక్కించుకోండి. ఏడాదికోసారి, మీ ఊరి వానాకాలం అయ్యాక, ఆ టెర్మినల్ స్క్రూలు ఒక చుట్టు బిగించి చూడండి.

ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే వెళ్లాలని మీకు తెలిసే ఉంటుంది. ఒక్క స్పీకర్‌కు తిరగబడినా అది కాలిపోదు, కానీ రెండు ముందు స్పీకర్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బేస్ మాయమవుతుంది, గాయకుడి గొంతు మధ్యలోంచి కాకుండా ఎక్కడినుంచో వస్తున్నట్టుంటుంది. వైరు మార్చితే సౌండ్ అద్భుతంగా మారిపోయిందని చెప్పేవాళ్లలో కొందరి ఇంట్లో జరిగింది ఇదేనని నా అనుమానం, పాత వైరు తిరగేసి ఉంది, కొత్తది సరిగ్గా బిగించారు. ప్లాస్టరింగ్‌లో రంగు గుర్తులు పోయి, ఏ కొస ఏదో తెలియకపోతే గడియారంలో వేసే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకోండి. రిసీవర్ వైపు వైరు రెండు కొసలనూ, రిసీవర్‌కు కలపకుండా, సెల్‌కు ఇలా తాకించి అలా తీసేయండి. స్పీకర్ దగ్గర ఒకరిని నిలబెట్టి గుడ్డ తీసి పెద్ద కోన్ చూడమనండి. కోన్ బయటికి ఉబికితే సెల్ ప్లస్‌కు తాకిన వైరే స్పీకర్ ఎర్ర టెర్మినల్‌కు వెళ్లింది. లోపలికి పోతే తిరగబడింది. మా ఆవిడ, నేను ఈ పరీక్ష చేస్తుంటే "వచ్చింది, పోయింది" అని ఆమె అరిచిన అరుపులకు పై వాటా వాళ్లు ఏమైందోనని దిగి వచ్చారు.

మీ బొమ్మలో రెండు లోపాలు కనిపించాయి, ప్లాస్టరింగ్‌కు ముందే సరిచేసుకోండి. ఒకటి, 5.1 అన్నారు గానీ టీవీ కింద మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్‌కు పాయింటే గీయలేదు. సినిమాలో మాటలన్నీ దాదాపు దానిలోంచే వస్తాయి. రిసీవర్ టీవీ యూనిట్‌లోనే ఉంటే గోడలో వైరు అక్కర్లేదు, రెండు మీటర్లు ముక్క చాలు. కానీ టీవీని గోడకు బిగిస్తున్నారు కాబట్టి యూనిట్ నుంచి టీవీ వెనక్కి ఇంకో పైపు, హెచ్‌డీఎంఐ ప్లగ్గు దూరేంత వెడల్పుది, తప్పనిసరిగా వేయించండి. రెండోది సబ్‌ఊఫర్. దానికి స్పీకర్ వైరు గీశారు, అది చెల్లదు. మీరు చెప్పిన రకం సెట్లలో సబ్‌ఊఫర్‌కు సొంత ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది, దానికి కావలసింది ఆర్‌సీఏ పిన్ను ఉన్న షీల్డ్ కేబుల్ ఒకటి, పక్కనే కరెంటు ప్లగ్ పాయింటు ఒకటి. డిష్‌కు వాడే ఆర్‌జీ6 కేబుల్ లాగి చివర్లకు ఆర్‌సీఏ పిన్నులు వేయించినా సరిపోతుంది. ఇందాక హమ్ గురించి అన్నాను చూశారా, అది వస్తే ఈ కేబుల్‌లోంచే వస్తుంది, దీన్ని మాత్రం కరెంటు పైపులకు వీలైనంత దూరంగా తీసుకెళ్లండి. సబ్‌ఊఫర్ ఏ మూల బాగా పలుకుతుందో సామాను వచ్చి, సోఫా పడి, కర్టెన్లు కట్టాక గానీ తెలియదు, అందుకని టీవీ గోడకు రెండు మూలల్లోనూ పాయింట్లు పెట్టించండి. గాళ్లు కొట్టి పైపులు వేశాక, మీదికి సిమెంటు రాకముందు, గోడకు టేపు ఆనించి కొలతలు కనబడేలా ప్రతి గోడనూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. టీవీ బిగించడానికి వచ్చే కుర్రాడు మీ 2.5 వైరు మీద సరిగ్గా డ్రిల్లింగ్ పెట్టకుండా ఉండాలంటే ఆ ఫొటోలు అతనికి చూపించాలి.